చీవరం మడతలు

1970 ఆగస్టు. అఫ్గానిస్తాన్‌లో హిందూకుష్ పర్వతాల నడుమ బమియాన్ లోయ. సముద్రమట్టానికి 2500 మీటర్ల ఎత్తు. నిట్టనిలువు కొండకు ఎదురుగా ఒక ఆస్ట్రియా దేశస్థుడు మూడు కాళ్ళ స్టాండు బిగిస్తున్నారు. పేరు రాబర్ట్ కోస్ట్కా. గ్రాట్స్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం నుంచి వచ్చారు.

స్టాండు మీదికి ఎక్కుతున్నది మామూలు కెమెరా కాదు. సర్వేయర్ల థియోడొలైట్‌కు కెమెరా తగిలించిన యంత్రం. దాంట్లో రీలు ఉండదు, 13×18 సెంటీమీటర్ల గాజుపలక ఉంటుంది. పలక ఎక్కించాలి. రసమట్టంలో బుడగ నడిమికి వచ్చిందో లేదో చూసుకోవాలి. ఏ కోణంలో చూస్తున్నదీ చదివి పుస్తకంలో రాసుకోవాలి. ఆ తర్వాతే మీట. అంత తతంగానికీ దక్కేది ఒక్క ఫొటో. పలకను పెట్టెలో భద్రపరిచి, యంత్రాన్ని ఇంకో చోటికి మోసుకుపోయి, మళ్ళీ మొదటి నుంచీ అదే తంతు.

గాజు ఎందుకంటే, ఫిల్మును నమ్మలేం. ఎండకు సాగుతుంది, చెమ్మకు మారుతుంది, కెమెరాలో సరిగ్గా పరుచుకోక కాస్త ఉబ్బుతుంది. పెళ్ళి ఫొటోకైతే ఇవేవీ పట్టించుకోనక్కర్లేదు. కొండంత విగ్రహం మీద ఒక మడత ఎంత లోతుందో చెప్పాలంటే మాత్రం వెంట్రుకవాసి తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

ఎదురుగా, కొండను తొలిచిన గూటిలో 53 మీటర్ల బుద్ధుడు నిలబడి ఉన్నాడు. ముఖం పైభాగం ఎప్పుడో పోయింది. ముంజేతులు లేవు. కాళ్ళు బాగా దెబ్బతిన్నాయి. భుజాల నుంచి కిందికి జారే చీవరం, అంటే భిక్షువు వస్త్రం, దాని మడతలు మాత్రం వరసలు వరసలుగా నిలిచే ఉన్నాయి.

ఆ పలకల ఆధారంగా కోస్ట్కా తర్వాత ఒక పటం గీశారు. కొండల మ్యాపుల్లో ఎత్తుల గీతలు ఉంటాయి కదా, అలాంటివే, 20 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున, 1:100 స్కేలులో, బుద్ధుడి ఒంటి మీద. ఆ పని అయ్యాక పలకలు పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. అప్పటికి వాటికి అంతకు మించిన అక్కర ఉంటుందని ఎవరూ అనుకుని ఉండరు. విగ్రహం ఉండగా దాని ఫొటోతో పనేమిటి?

*

ఆ మడతలు చెక్కినవి కావు, కట్టినవి. బమియాన్ రాయి నునుపుగా చెక్కడానికి లొంగేది కాదు. అందుకని శిల్పులు దేహాన్ని మాత్రం కొండలోంచి మోటుగా తొలిచారు. ఆ పైన చీవరం మడత ఎక్కడెక్కడ రావాలో అక్కడ తాళ్ళు వేలాడదీసి, వాటిని చెక్కమేకులతో రాతికి బిగించారు. తాళ్ళ మీద గడ్డి కలిపిన మట్టి మెత్తారు. ముంజేతులకు కర్ర చట్రాలు కట్టారు. చివర్న రంగులు. గుడ్డ మడత వంటి సుకుమారాన్ని మట్టితో, తాడుతో సాధించిన పనితనం అది. విగ్రహంలో శిల్పి చెయ్యి ఎక్కడైనా తెలుస్తుందంటే అక్కడే.

మట్టిలో కలిపిన గడ్డి వల్ల ఇంకో మేలు జరిగింది. విధ్వంసం తర్వాత దొరికిన ముక్కల్లోని గడ్డిని మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం నిపుణులు కార్బన్ పరీక్ష చేయించారు. పెద్ద బుద్ధుడిది క్రీ.శ. 591–644 మధ్య కాలమని, పక్కనున్న చిన్న బుద్ధుడిది 544–595 మధ్య కాలమని తేలింది. చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ 630 ప్రాంతంలో ఈ లోయలో దిగాడు. అంటే ఆయన కళ్ళపడేనాటికి పెద్ద విగ్రహం ఇంకా కొత్తదే. మెరిసే రంగుల గురించి, ఆభరణాల గురించి రాసుకున్నాడు. ఆయనే ఆ తర్వాత కొన్నేళ్ళకు దక్షిణానికి దిగి ధాన్యకటకం చేరాడు. మన అమరావతిని, బమియాన్‌ను రెండింటినీ కళ్ళారా చూసి రాసిపెట్టిన మనిషి ఆయన.

మనవాళ్ళకు బమియాన్‌తో ఇంకా దగ్గరి బంధుత్వం ఉంది. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ, అంటే మనం ఏఎస్ఐ అనేది, 1969 నుంచి 1977 వరకు అఫ్గాన్ ప్రభుత్వంతో కలిసి ఈ విగ్రహాలకు మరమ్మతులు చేసింది. ఆర్. సేన్‌గుప్తా ఆ పనికి నాయకుడు. కోస్ట్కా తన గాజుపలకలు తీసింది ఆ పని నడుస్తున్న రోజుల్లోనే.

2001 ఫిబ్రవరి 26న తాలిబన్ల అధినేత ముల్లా ఒమర్ విగ్రహాలను కూల్చమని ఆజ్ఞ ఇచ్చాడు. యునెస్కో బతిమాలింది, ఎన్నో దేశాలు బతిమాలాయి. మార్చి మొదటివారంలో పేల్చడం మొదలైంది. విమాన విధ్వంసక తుపాకులు, ఫిరంగులు చాలలేదు. స్థానికులను బలవంతపెట్టి రాతి కన్నాల్లో మందుగుండు పెట్టించారు. నెల సగమయ్యేసరికి రెండు గూళ్ళూ ఖాళీ.

*

స్విట్జర్లాండ్. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో ఫొటోల నుంచి కొలతలు తీసే విభాగం. ఆచార్యుడు ఆర్మిన్ గ్రూన్. ఆయనతో ఫాబియో రెమొండీనో, లీ ఝాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు. బుబెన్‌డార్ఫ్‌లో ఉన్న అఫ్గానిస్తాన్ మ్యూజియం, జ్యూరిచ్‌లోని మరో సంస్థ కలిసి పెద్ద బుద్ధుణ్ణి తిరిగి నిలబెట్టాలని సంకల్పించాయి. అందుకు ముందు కంప్యూటర్‌లో ఆయన కొలతలు కావాలి. ఆ పని ఉచితంగా చేసిపెడతామని గ్రూన్ బృందం ముందుకొచ్చింది.

కొలవాల్సిన వస్తువు లేదు. ఫొటోలున్నాయి. అవి మూడు రకాలు.

మొదటి రకం ఇంటర్నెట్‌లో దొరికినవి. రెండో రకం ఒక యాత్రికుడు 1965–69 మధ్య తీసుకున్నవి. మనం తిరుపతి వెళ్ళినా తాజ్‌మహల్ వెళ్ళినా తీసుకునేలాంటివే. మూడో రకం కోస్ట్కా గాజుపలకలు. వాటిని ఒక్కో మిల్లీమీటరును నూరు భాగాలు చేసి స్కాన్ చేశారు. ఒక్కో పలక దాదాపు 17 వేల పిక్సెళ్ళ వెడల్పు వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి, ఫొటోతో కొలవడం ఏమిటో చెప్పుకోవాలి. బొటనవేలు కళ్ళకెదురుగా పెట్టుకుని ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది. వేలు వెనక గోడ మీద అటూ ఇటూ గెంతుతుంది. ఎంత గెంతిందో, రెండు కళ్ళ మధ్య ఎడమెంతో తెలిస్తే వేలు ఎంత దూరంలో ఉందో లెక్క కట్టొచ్చు. రెండు చోట్ల నుంచి తీసిన రెండు ఫొటోలు ఆ రెండు కళ్ళు. ఇంతవరకూ సులువే. చిక్కంతా కెమెరా కడుపులో ఉంది. లెన్సుకూ ఫిల్ముకూ మధ్య దూరం కచ్చితంగా ఎంత? లెన్సు నడిమిచూపు ఫిల్ము మీద సరిగ్గా ఏ బిందువు మీద పడుతుంది? అంచుల దగ్గర లెన్సు గీతలను ఎంత వంచుతుంది? ఈ మూడూ తెలియకపోతే గెంతు కొలిచినా దూరం రాదు. కోస్ట్కా యంత్రానికి ఇవి తయారీ నాడే కొలిచి రాసిపెట్టి ఉంటాయి. దాన్ని కొలత కెమెరా అనేది అందుకే, దాని ఖరీదు కూడా అందుకే.

ఇంటర్నెట్ ఫొటోల సంగతి చూడండి. ఏ కెమెరాతో తీశారో తెలియదు. ఏ ఏడాది తీశారో తెలియదు. అంచులు ఎవరు ఎక్కడ కత్తిరించారో తెలియదు. అంచు కత్తిరిస్తే నడిమి బిందువు నడిమిన ఉండదు కదా. ఒక ఫొటోలో ఉన్న రాతిపెళ్ళ మరో ఫొటోనాటికి ఊడిపోయి ఉంటుంది. ఒకదాంట్లో నీడ కుడివైపు, ఇంకోదాంట్లో ఎడమవైపు. దొరికినవాటిలో చాలాభాగం పనికిరాలేదు. మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని.

ఇలాంటి ఫొటోలతో కొలతలేమిటండీ, అని ఎవరైనా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు లెక్కల్లో ఉంది. విగ్రహం మీద ఒకే బిందువు, ఉదాహరణకు ఎడమ భుజం మీది ఒక చిన్న పగులు, నాలుగు ఫొటోల్లో కనిపిస్తే నాలుగు చూపులు అక్కడే కలవాలి. అలాంటి బిందువులు పదుల్లో దొరికితే, ఆ చూపులన్నీ ఒకేసారి సరిగ్గా కలిసేలా కెమెరా ఎక్కడ నిలబడిందో, ఎటు చూసిందో, దాని లెన్సు ఎలాంటిదో అన్నీ వెనక్కి లెక్కగట్టొచ్చు. తెలిసిన కెమెరాతో వస్తువును కొలిచే బదులు, వస్తువునూ కెమెరానూ కలిపి ఒకేసారి కొలవడం. అయినా ఒక లోటు ఉండిపోతుంది. ఫొటోలు ఆకారం చెబుతాయి, పరిమాణం చెప్పవు. 53 మీటర్ల బుద్ధుడైనా 53 సెంటీమీటర్ల బొమ్మైనా ఫొటోలో ఒకటే. ఆ లోటు కోస్ట్కా గీసిన పటం తీర్చింది. అందులోంచి తీసుకున్న కొలతలు మిగతా లెక్కకు లంగరు వేశాయి.

ఇంటర్నెట్ ఫొటోల నుంచి కూడా బుద్ధుడు తేలాడు! ఆకారం ఉంది, నిలబడ్డ తీరు ఉంది. యాత్రికుడి ఫొటోల నుంచీ తేలాడు. గాజుపలకల నుంచి తేలినవాడు వాళ్ళిద్దరికంటే చాలా స్పష్టంగా ఉన్నాడు. కానీ ముగ్గురిలోనూ ఒకటి లేదు.

చీవరానికి మడతలు లేవు.

*

కంప్యూటర్ తప్పు చేయలేదు. దానికి చెప్పిన పని అది చేసింది. ఒక ఫొటోలోని చిన్న చదరపు గడిని తీసుకుని, రెండో ఫొటోలో అలాంటి గడి ఎక్కడుందో వెతకడం దాని పని. గడిలో ఉన్న తలం దాదాపు చదునుగా ఉంటుందని దాని నమ్మకం. మడత దగ్గర ఆ నమ్మకం చెల్లదు. ఒకే గడిలో గట్టు ఉంటుంది, గుంత ఉంటుంది, వాటి నడుమ నీడ ఉంటుంది. పక్క నుంచి తీసిన ఫొటోలో గట్టు గుంతను కమ్మేస్తుంది. కంప్యూటర్ గట్టునూ గుంతనూ కలిపి సరాసరి కట్టేసింది. లక్షకు పైబడి బిందువులు వచ్చాయి, అన్నీ నిజమే, మడతలు మాత్రం మాయం.

శిల్పి తాడు కట్టి, మేకు దిగ్గొట్టి, మట్టి మెత్తి సాధించినదంతా అదే. అది లేకుండా బుద్ధుణ్ణి నిలబెడితే నిలిచేది ఒక దిమ్మె.

జ్యూరిచ్‌లో వాళ్ళు యంత్రాన్ని పక్కనపెట్టి చేతి పనికి దిగారు. తెర మీద గాజుపలకల జంట. కళ్ళకు లోతు కనిపించేలా చూసే ఏర్పాటు. చేతిలో మౌసు. విగ్రహం ఛాతీకి అడ్డంగా ఒక వరస, చుక్క తర్వాత చుక్క. కర్సరు రాతి తలం మీద సరిగ్గా ఆనిందా, లోపలికి దిగిపోయిందా, గాల్లో తేలుతోందా అన్నది ప్రతి చుక్క దగ్గరా కన్ను తేల్చాలి. ఆ వరస అయ్యాక కాస్త కిందికి దిగి ఇంకో వరస. వరసల మధ్య మడత అంచులను విడిగా పట్టుకుని, భుజం దగ్గర మొదలై ఎక్కడ వంపు తిరిగి ఎక్కడ ఆగుతుందో ఆ దారంతా చుక్కలు పెట్టుకుంటూ పోవడం. ఓ రకంగా వాళ్ళు చేసింది పాత శిల్పి తాడు మీదుగా వేలు పోనివ్వడమే, మధ్యలో దాదాపు పద్నాలుగు వందల ఏళ్ళు, ఒక గాజుపలక, ఒక తెర.

ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చేది ఈ ఘట్టం. అత్యాధునిక సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళే, తమ సాఫ్ట్‌వేర్ చేయలేని చోట ఓపిగ్గా కూర్చుని చుక్కలు పెట్టారు. ఆ సంగతి తమ పరిశోధన పత్రంలో దాచకుండా రాశారు.

మడతలు తిరిగి వచ్చాయి. ఆ కొలతలను కంప్యూటర్ ఆజ్ఞలతో నడిచే కోత యంత్రానికి ఇచ్చి 1:200 స్కేలులో ఒక నమూనా చెక్కించారు. 53 మీటర్ల బుద్ధుడు జానెడుకు కాస్త పైబడ్డ ఎత్తులో మళ్ళీ కనిపించాడు. అసలు చోట, అసలు ఎత్తున తిరిగి నిలబెట్టాలా వద్దా అన్నది వేరే గొడవ. ఖాళీ గూడే చరిత్రకు సాక్ష్యం, దాన్ని అలాగే ఉంచాలనేవాళ్ళు ఉన్నారు. ఆ వాదన జోలికి నేను పోను.

*

2003లో బమియాన్ లోయను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఆగస్టులో జ్యూరిచ్ బృందం స్వయంగా లోయకు వెళ్ళింది. మందుపాతరల భయం ఇంకా పోని నేల. ఈసారి పని కొండనూ, ఖాళీ గూళ్ళనూ కొలవడం. బుద్ధుడి కంప్యూటర్ రూపాన్ని అతని గూటిలోనే నిలబెట్టి చూపాలంటే గూడు కొలతలూ కావాలి.

గూటి ముందు నిలబడి వాళ్ళు బయటకు తీసింది గాజుపలకల యంత్రం కాదు. సోనీ సైబర్‌షాట్ ఎఫ్707. 2001లో దుకాణాలకు వచ్చిన కెమెరా. 50 లక్షల పిక్సెళ్ళు. సరదాగా ఫొటోలు తీసుకునే ఎవరైనా కొనుక్కునేది. కోస్ట్కా నిలబడిన లోయలోనే, ముప్ఫై మూడేళ్ళ తర్వాత, అదే ఆగస్టు నెలలో, కొలత కెమెరా పని అంగడి కెమెరా చేసింది. మెడలో వేసుకుని తిరగడం, నాలుగైదు చోట్ల నిలబడి నొక్కడం.

ఇది ఎలా సాధ్యమైందో ఆలోచిస్తే, గాజుపలక చేసే పని డిజిటల్ కెమెరాలో సెన్సరు చేస్తుంది. పిక్సెళ్ళు సిలికాన్ ముక్క మీద నాటుకుని ఉంటాయి. ఎండకు సాగవు, ఉబ్బవు, మొదటి ఫొటోలో ఉన్న చోటే వెయ్యో ఫొటోలోనూ ఉంటాయి. ఫిల్ముతో ఉన్న పాత బెంగ పోయింది. మిగిలింది లెన్సు.

అంగడి కెమెరా లెన్సు గీతలను వంచుతుంది. నిలువు స్తంభం ఫొటో అంచున కాస్త వంగి కనిపించడం మనందరికీ తెలుసు. దీనికి మందు అమెరికాలో డ్వేన్ బ్రౌన్ అనే ఆయన 1971లోనే రాసిపెట్టారు. నల్లటి తెర ముందు సన్నటి తెల్ల దారాలు వేలాడదీయాలి. తాపీమేస్త్రి గోడ నిలువు చూసుకునేటట్టు ప్రతి దారానికీ కింద ఒక గుండు. ఊగకుండా ఆ గుండ్లు నూనెలో మునిగి ఉండాలి. దారం తిన్నగా ఉందని మనకు తెలుసు. ఫొటోలో ఎంత వంగిందో కొలిస్తే, ఆ వంపు దారానిది కాదు, లెన్సుది. బ్రౌన్ ఇచ్చిన సూత్రాలు ఈనాటికీ ఈ రంగంలో నిత్యం వాడుకలో ఉన్నాయి.

అసలు విషయం ఇక్కడుంది. ప్రతిసారీ సరిగ్గా 50 గ్రాములు తక్కువ చూపించే కాటా చెడ్డ కాటా కాదు, 50 కలుపుకుంటే సరి. ఒకసారి 50, ఒకసారి 20, ఇంకోసారి 80 తక్కువ చూపేదే పనికిరానిది. ఖరీదైన కెమెరాకూ చవక కెమెరాకూ మధ్య తేడా, చవకది గీతలు వంచుతుందని కాదు. అది రేపు కూడా ఇవాళ్టిలాగే వంచుతుందా అన్నదే.

*

ఇంగ్లండ్‌లో లఫ్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన జిమ్ చాండ్లర్, ఆస్ట్రేలియాలో న్యూకాసిల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఫ్రయర్ పట్టుకున్నది ఆ ప్రశ్ననే. ఇంకో సహచరురాలితో కలిసి వాళ్ళు మూడు అంగడి కెమెరాలను ముందు పెట్టుకున్నారు. సోనీ డీఎస్‌సీ పీ10, ఒలింపస్ సీ3030, నికాన్ కూల్‌పిక్స్ 3100. వీటికి ఎదురుగా కొడాక్ డీసీఎస్460, వేల పౌన్ల ఖరీదు చేసే పెద్దన్న. కొలత పనుల్లో అప్పటికే పేరు తెచ్చుకున్నది. అన్నిటి ఫొటోల నుంచీ తలాల ఎత్తుపల్లాల నమూనాలు చేసి పోల్చారు. 2005లో ఫలితం ప్రకటించారు: జాగ్రత్తగా లెక్క చేస్తే చిన్నవి పెద్దన్నకు దీటుగా నిలిచాయి.

ఆ 'జాగ్రత్తగా'లో ఒక మెలిక ఉంది. చవక కెమెరాల నమూనాల్లో ఒక వింత కనిపించింది. తలం నడుమ గుమ్మటంలా ఉబ్బు. చాలా కొంచెమే, అయినా ప్రతిసారీ. చదునుగా ఉన్నది చదునుగా రావడం లేదు. కారణం లెన్సు లెక్కలో మిగిలిపోయిన సన్న దోషం. కెమెరాను తలానికి ఎదురుగా పెట్టి, సమాంతరంగా పక్కకు జరుగుతూ తీసిన ఫొటోల్లో, లెన్సు వంపుకూ తలం వంపుకూ తేడా లెక్కకు తెలియదు. లెన్సు వంచిందో, గోడే వంగిందో తేల్చుకోలేక, కొంత వంపును గోడకు అంటగడుతుంది.

ఆ గుమ్మటం వెనక పడ్డవాడు చాండ్లర్ శిష్యుడు రెనె వాక్రో. ఒకే మోడల్ నికాన్ కూల్‌పిక్స్ 5400 కెమెరాలు ఏడింటిని తీసుకుని, ఏడాది ఎడంతో పరీక్షలు చేశారు. ఏడింటి లోపలి కొలతలూ ఒకదానికొకటి ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉన్నాయి. ఏడాది గడిచినా పెద్దగా మారలేదు. కాటా తప్పు చూపిస్తోంది గాని, ఒకే తప్పు చూపిస్తోంది. 2007లో ఆ ఫలితం వచ్చింది. మరుసటి ఏడాది వాక్రో, చాండ్లర్ గుమ్మటానికి విరుగుడు చెప్పారు. అది వినడానికి చాలా తేలిక. కెమెరాను తలానికి సూటిగా పెట్టి పక్కకు జరగవద్దు. ఎడమ నుంచి కాస్త ఏటవాలుగా ఒకటి, కుడి నుంచి కాస్త ఏటవాలుగా ఒకటి, రెండు చూపులూ ఒకే చోట కలిసేలా తీయండి. లెన్సు దోషం కొంచెం మిగిలినా గుమ్మటం దాదాపు పోతుంది. కెమెరా మార్చలేదు, లెన్సు మార్చలేదు, నిలబడే చోటు మార్చారంతే. తర్వాత డ్రోన్ ఫొటోలకు కూడా ఇదే వర్తిస్తుందని 2014లో మైక్ జేమ్స్, స్టువర్ట్ రాబ్సన్ చూపారు. డ్రోన్ నేరుగా కిందికి చూస్తూ పొలం మీద తిరిగితే పొలం ఉబ్బుతుంది. నేల మీద కొలత తెలిసిన గుర్తులు పెట్టకపోతే ఇంకా ఉబ్బుతుంది. కొన్ని వాలు చూపులు కలిపితే చదునవుతుంది.

ఈలోగా ఫ్రయర్, చాండ్లర్ చవక కెమెరాలతో ఆస్ట్రేలియా ఆదిమవాసుల రాతి చిత్రాల దగ్గరికి వెళ్ళారు. న్యూ సౌత్ వేల్స్‌లో మిల్‌బ్రోడేల్ దగ్గర ఒక గుహలో చేతులు బారచాచిన బయామీ చిత్రం ఉంది. ఆ జాతుల సృష్టికర్త. అలాంటి గుహ చిత్రాన్ని లేజర్ స్కానర్‌తోనూ, అది లేకుండానూ కొలిచి చూశారు. గుహల దాకా లేజర్ స్కానర్లు మోసుకెళ్ళగలిగే డబ్బు, మనుషులు ఎన్ని చోట్ల ఉంటారు? ఆ రాళ్ళు రంగులు కోల్పోవడానికి మాత్రం ఎవరి బడ్జెట్ కోసమూ ఆగవు.

*

అమరావతి స్తూపం మాట తీసుకుందాం. 1797లో కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేసరికే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు ఆ దిబ్బను తవ్వుతున్నారు. మెకంజీ సర్వేయర్. 1816లో తన చిత్రకారులతో తిరిగి వచ్చి, కనిపించిన ఫలకాలను కొలిచి గీయించారు. ఆ తర్వాత వాటిలో కొన్ని లండన్ చేరాయి, కొన్ని చెన్నై చేరాయి, కొన్ని ఏమయ్యాయో ఆ బొమ్మల్లో తప్ప లేవు. స్తూపం ఎలా ఉండేదని ఇవాళ ఎవరు రాసినా ఆ బొమ్మల దగ్గరికి వెళ్ళాల్సిందే.

మన ఊళ్ళలో ఇప్పటికీ చెరువుకట్టల మీద, రచ్చబండల పక్కన వీరగల్లులున్నాయి. చదవని శాసనాలున్నాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, గుడికి రంగులేసేటప్పుడు అవి పోతున్నాయి. మెకంజీకి చిత్రకారుల బృందం కావలసి వచ్చింది, కోస్ట్కాకు గాజుపలకలు కావలసి వచ్చాయి. ఇప్పుడు జేబులో ఉన్న సెల్‌ఫోను చాలు, నాలుగు పద్ధతులు పాటిస్తే.

రాయి పక్కన ఒక స్కేలు పెట్టండి, అది లేకుంటే సైజు పోతుంది. జూమ్ ముట్టుకోవద్దు, జూమ్ చేస్తే లెన్సు మారుతుంది, లేదా ఫోనే ఫొటోను కత్తిరించి పెంచుతుంది. దగ్గరా దూరమూ మార్చకుండా ఒకే ఎడంలో చుట్టూ తిరుగుతూ, ఒక ఫొటోలో ఉన్నదానిలో సగానికి పైగా పక్క ఫొటోలోనూ పడేలా తీయండి. సూటిగా తీసినవాటితో పాటు రెండు వైపుల నుంచీ వాలుగా కొన్ని. పొద్దున్నో సాయంత్రమో వాలుటెండలో అక్షరాలు లేచి కనిపిస్తాయి గాని, ఫొటోల మధ్య నీడ మారకూడదు కాబట్టి తీసేదేదో ఒక్క ఊపులో తీసేయాలి. ముఖం గుర్తుపట్టి అందంగా దిద్దే సెట్టింగులన్నీ ఆపేయండి, రాతికి అందం అక్కర్లేదు.

తీసినవాటిని వాట్సాప్‌లో మామూలుగా పంపకండి. అది ఫొటోను కుదించి, ఏ కెమెరాతో ఎప్పుడు ఏ లెన్సుతో తీశారన్న వివరాలన్నీ తుడిచేస్తుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి.